మంత్రిగారి పొగడబ్బా

"ఇకమీదట పొగ అనేది చరిత్ర పుస్తకాల్లో మాత్రమే కనిపిస్తుంది!" అని పర్యావరణ మంత్రిగారు మైకులో ప్రకటించారు. ముందు వరసలో ఉన్న నేను చప్పట్లు కొడుతూనే దగ్గాను. ఆయన పాత జీపు అప్పుడే వచ్చి స్టేజీ పక్కన ఆగింది మరి.

ఆ జీపు సామాన్యమైంది కాదు. దాని బానెట్ మీద నిలబడే ఆయన రాజకీయాల్లోకి వచ్చారు. అయితే కొత్త రూలు ప్రకారం పాత బండ్లకి కూడా పొగడబ్బా ఉండి తీరాలి. రూలు పెట్టింది ఆయనే. పొగడబ్బా అంటే సైలెన్సర్‌కి ముందుండే ఇనుప డబ్బా. లోపల తేనెపట్టులాంటి జల్లెడ ఉంటుంది, పొగ అందులోంచి పోతూ శుభ్రపడుతుంది. మంత్రిగారి జీపుకి అది లేదు. మొదటి ఎన్నికల్లోనే కార్యకర్తలు ఊడబీకేశారు. అది ఉంటే బండి తగినంత గర్జించడం లేదట.

జీపు కంపెనీ ఏనాడో మూతపడింది. అధికారులు పాత ఇనుప కొట్లన్నీ గాలించారు. చివరికి అదే మోడల్ జీపు, అసలు డబ్బాతో సహా, ఇంకొక్కటి ఉందని తేలింది. అది నాది. గర్వంతో నా ఒళ్ళు పులకరించింది.

నా జీపు చేసే దేశసేవ మాత్రం చిన్నదే. కొండ అవతలి ఆస్పత్రిలో మా అక్కకి వారానికి రెండుసార్లు మిషన్ మీద రక్తం శుభ్రం చెయ్యాలి. ఆ రాళ్ళదారిలో బస్సు రాదు, ఆటో ఎక్కదు. ఒక్కసారి తప్పితే చాలు, కాళ్ళు ఉబ్బిపోయి ఆవిడకి ఊపిరాడదు.

జాయింట్ డైరెక్టరు గారు స్వయంగా మా ఇంటికి వచ్చారు.

"సార్, మీ పొగడబ్బా ప్రభుత్వానికి కావాలి. నమూనాగా మాత్రమే. అచ్చం అలాంటిది చేయించుకుని మీది మీకిచ్చేస్తాం."

మా ఆవిడ వంటగదిలోంచి వచ్చింది. "అది లేకపోతే బండి నడుస్తుందా అండీ?"

"భేషుగ్గా నడుస్తుందమ్మా. కాస్త పొగ వస్తుందంతే."

"పొగొస్తే బండి పట్టుకెళ్ళేదెవరు?"

"మేమేనమ్మా," అన్నారాయన వినయంగా.

పక్కగదిలోంచి అక్క గొంతు వినిపించింది. "ఒరేయ్ తమ్ముడూ, నా కిడ్నీలు కూడా నమూనాకి పనికొస్తాయేమో అడుగు. ఇక్కడ ఎలాగూ ఖాళీగానే ఉన్నాయి."

మా ఆవిడ నా వంక చూసిన చూపు గురించి చెప్పను. కానీ నన్ను "సార్" అన్నవాళ్ళు ఈ జన్మలో ఎవరున్నారు? డబ్బా విప్పి చేతిలో పెట్టేశాను.

డబ్బా తయారీ చూడమని నన్ను ప్రభుత్వ వర్క్‌షాపుకి పిలిచారు. ఎంత శ్రద్ధ! నా డబ్బాకి రాయి తగిలి పడిన సొట్ట కూడా వదల్లేదు. నేను కట్టిన తీగముడిని కూడా అచ్చులో దింపారు. కరిగించిన ఇనుము పోశారు. చల్లారాక చూస్తే రెండూ కవలపిల్లలే. కాకపోతే కొత్తదాన్ని ఇద్దరు కలిసి ఎత్తాల్సి వచ్చింది.

"సార్, ఇది లోపల గట్టిగా ఉన్నట్టుంది. పొగ ఎటునుంచి పోతుంది?" అని వర్క్‌షాపు ఇంజనీరుని అడిగాను.

"మా విభాగం బయటి ఆకారం వరకే. లోపలి సంగతి పరిశోధన విభాగం చూసుకుంటుంది."

"వాళ్ళెక్కడ?"

"ఆ విభాగం ఇంకా ఏర్పడలేదు. మీ నమూనా వాళ్ళకే పంపించాం."

అంటే నా డబ్బా క్షేమంగా ఉందన్నమాట. ఎక్కడుందో తెలియదు, అంతే.

తరవాత పొగ పరీక్ష. మంత్రిగారి జీపుకి కొత్త డబ్బా బిగించారు, ఇన్‌స్పెక్టరు పైపులో పొగ కొలిచే గొట్టం దూర్చాడు, డ్రైవరు తాళం తిప్పాడు. జీపు ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది.

"స్టార్టవలేదు సార్," అన్నాడు డ్రైవరు.

"పొగ వచ్చిందా?" అనడిగాడు ఇన్‌స్పెక్టరు.

"లేదు."

"నువ్వొచ్చింది పొగ పరీక్షకా, స్టార్టింగు పరీక్షకా?"

పొగ కొలిచే మిషన్ మీద సున్నా కనిపించింది. ప్రపంచంలో ఏ జీపూ సాధించని ఘనత అది. జాయింట్ డైరెక్టరు గారు కళ్ళు తుడుచుకున్నారు.

స్వచ్ఛ వాయు సభకి మంత్రిగారు ఆ జీపులోనే రావాలి. కదలని బండిని లాగడానికి నన్నూ నా జీపునీ పిలిచారు. తాడు కట్టి బయల్దేరాను. వెనక మంత్రిగారు నిలబడి చేతులూపుతున్నారు. "చప్పుడు లేదు, కుదుపు లేదు, ఎంత మెత్తగా పోతోందయ్యా!" అని మురిసిపోతున్నారు. డబ్బా లేని నా జీపు కక్కిన పొగకి ఆయన తెల్లచొక్కా నల్లబడింది. ఆయన చెయ్యి ఊపడం మాత్రం ఆపలేదు.

స్టేజీ ముందు ఆగగానే మైకు అందుకున్నారు. "ప్రజలారా, తేడా చూడండి! ముందున్నది కాలుష్యం, వెనకున్నది భవిష్యత్తు!"

జనం ఈలలు వేశారు. నా జీపుని అక్కడికక్కడే జప్తు చేసి, బద్దలుకొట్టే చోటికి తోలుకుపోయారు. నేనూ చప్పట్లు కొట్టాను.

సభ ముగిసింది. భవిష్యత్తుని ఇంటికి లాక్కెళ్ళేవాళ్ళు లేరు. మంత్రిగారు క్షణం ఆలోచించి మళ్ళీ మైకు పట్టుకున్నారు. తన ప్రాణంతో సమానమైన ఆ జీపుని, కొండదారి రోగుల సేవకోసం, నాకే దానం చేసేశారు. కార్యకర్తలు దాన్ని మా గుమ్మం దాకా తోసుకొచ్చి, చెమటలు తుడుచుకుని, జిందాబాద్ కొట్టి వెళ్ళిపోయారు.

మర్నాడే అక్క ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజు. అద్దె బండి కోసం పొద్దున్నే ఊరంతా తిరిగాను. ఆ దారి పేరు చెబితే ఒక్కడూ వస్తానన్లేదు. తిరిగొచ్చేసరికి జాయింట్ డైరెక్టరు గారు ఫోటోగ్రాఫరుతో, ఇన్‌స్పెక్టరుతో సహా మా గుమ్మంలో ఉన్నారు. అక్క మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని మంత్రిగారి జీపు ముందు సీట్లో కూర్చుని ఉంది. కాళ్ళు అప్పటికే ఉబ్బాయి, చెప్పులు పట్టలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"తాళం తిప్పండి సార్," అన్నారాయన.

తిప్పాను. ఇన్‌స్పెక్టరు గొట్టం తీసి చూసి "సున్నా!" అని అరిచాడు. ఫోటో తీశారు.

"సీటు సౌకర్యంగా ఉందా అమ్మా?"

"బండి చాలా బాగుంది బాబూ," అంది అక్క ఆయాసపడుతూ. "మరి ఆస్పత్రి ఎప్పుడు బయల్దేరుతుంది?"

జాయింట్ డైరెక్టరు గారు ఫోటో సరిచూసుకుని తలెత్తారు.

"అది ఆరోగ్య శాఖ చూసుకుంటుందమ్మా. మీరు అలా కూర్చోండి."

అక్క కూర్చుంది.