రెండు దిక్కులా నోరున్న గొట్టం

ఫసలీ 1357వ సంవత్సరంలో సూర్యాపేట తాలూకా ట్యాంకులను ఓడించాలని నిశ్చయించుకున్నది. ఆ నిశ్చయం జరిగిన రోజుకు తాలూకా మొత్తంలో ట్యాంకును కండ్లతో చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. అతడు కూడా దాన్ని వంటపాక కిటికీలోంచి చూశాడు.

అది 1948లో వానలు మొదలైన కాలం. ఇవతల నిజాం రాజ్యం, అవతల ఇండియన్ యూనియన్, అంచున కోదాడ. యుద్ధం వస్తే బెజవాడ సడక్ మీద ముందుగా ట్యాంకులే వస్తాయి కనుక వాటిని ఆపవలసిందని పైనుంచి ఒక కాగితం వచ్చింది. దేంతో ఆపాలో మాత్రం కాగితంలో లేదు. పైవాళ్లు అంత చిన్న విషయాల్లో జోక్యం చేసుకునేవారు కారు. కాబట్టి మనిషి భుజంమీద మోసుకుపోయి ట్యాంకును పేల్చగల ఆయుధాన్ని స్థానికంగానే తయారుచేయించుటకు ఒక కమిటీ వెలిసింది. అధ్యక్షుడు సడక్ మీది ఒక ఊరి దొర. కార్యదర్శి కచేరీలో పేష్కార్. నిపుణుడు బిక్షం. బిక్షం పెద్ద యుద్ధంలో ఇటలీ దాకా పోయి మూడేండ్లు పటాలానికి ఉల్లిగడ్డలు తరిగి వచ్చినవాడు. పైన చెప్పిన కిటికీ ఆ వంటపాకదే.

ఆయుధం చేయడానికి కమ్మరి రామనర్సయ్యకు కబురు పోయింది. నాగళ్లకు కర్రులు సాగగొట్టడం, బండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించడం తప్ప రామనర్సయ్య మరే నేరమూ ఎరగడు. దొర ఉండే గడీ తలుపు బందు ఊడిందేమో అనుకుని సుత్తె, పట్టుకారు తీసుకుని పోయాడు. తలుపు బాగానే ఉన్నది. రాజ్యమే ఊడేటట్టు ఉన్నదని దొర చెప్పాడు. ఈ సందర్భంలోనే కమిటీ ఒక గొప్ప సంస్కరణ చేసింది. వెట్టి అనే పాత మాటను ఆ రోజుతో రద్దుచేసి, దాని స్థానంలో రాజ్యరక్షణ అనే మాటను ప్రవేశపెట్టింది. పనిలో మార్పేమీ లేదు.

ఆయుధానికి ముందు భుజం కావాలి. తిరుమలగిరి దిక్కు తండా నుంచి సేవ్యా అనే మనిషిని తెచ్చారు. జొన్న బస్తాలు రెండేసి ఒక్క భుజంమీద మోసేవాడు కనుక అతణ్ని తాలూకాకు అధికారిక భుజంగా నియమించారు. భుజం తరువాత శత్రువు కావాలి. బిక్షం చెప్పిన ఆనవాళ్ల ప్రకారం ఒక ఎడ్లబండి చుట్టూ రేకులు బిగించి, ముందు ఒక బొంగు తగిలించి ట్యాంకు తయారుచేశారు. ఎడ్లు దొరవి. పేల్చే ముందు వాటిని విప్పితీరాలని దొర పట్టుబట్టాడు. విప్పితే ట్యాంకు కదలలేదు. శత్రువు తన ట్యాంకును ఆపి ఉంచిన సమయమందే దానిని పేల్చవలెనని నియమావళిలో రెండో అంశంగా చేర్చి ఆ చిక్కు కూడా తీర్చారు.

మొదటి నమూనా పెద్ద తుపాకీ. చిన్న తుపాకీ మనిషిని పడగొడితే, దానికి మూడింతల తుపాకీ ట్యాంకును పడగొట్టాలని లెక్క. తెల్లదొరల దేశాల్లో కూడా మొదట ఇదే చేశారని బిక్షం హామీ ఇచ్చాడు. పేల్చినప్పుడు గుండు పోయి చింతకొమ్మలో ఇరుక్కున్నది. సేవ్యా నాలుగు గజాలు వెనక్కి పోయి పడ్డాడు, భుజం గూడు జారింది. పేష్కార్ సాబ్ అక్కడికక్కడే నివేదిక రాశాడు. ఆయుధం అమోఘమనీ, భుజమే నాసిరకమనీ అందులో తేల్చారు.

రెండోది జట్కా కమానుతో చేసిన స్ప్రింగు ఆయుధం. ఇంగ్లీషువాళ్ల దగ్గర ఇట్లాంటిది ఉన్నదట. మందు మంట తక్కువ, దెబ్బ తక్కువ, నిజానికి మంచి ఆయుధమే. కాకపోతే స్ప్రింగును వెనక్కి లాగాలంటే మనిషి వెల్లకిలా పడుకుని రెండు కాళ్లతో దాన్ని తన్నాలి. రామనర్సయ్య గడీ ముందర పడుకుని కాళ్లు ఎత్తేసరికి దొర కుర్చీలోంచి లేచాడు. దొర ఎదుట కాళ్లు చాపిన కమ్మరి ఆ ఊరి చరిత్రలో లేడు. ఆ నమూనాను సాంకేతిక కారణాలవల్ల తిరస్కరించారు.

అప్పుడు బిక్షానికి మూడోది గుర్తుకు వచ్చింది. "అమెరికోళ్లది సూసిన. వట్టి గొట్టమే. రెండు దిక్కుల నోరుంటది. గుండు ముందటికి పోతది, మంట ఎనకకు పోతది. మోసెటోనికి దెబ్బనే తెల్వది" అన్నాడు.

రామనర్సయ్యకు ఆ మాట వినగానే ప్రాణం లేచివచ్చింది. దెబ్బ ఎటో ఒక దిక్కు పోవాలి, పోనివ్వకపోతే మోసేవాడి మీద పడుతుంది. పుట్టిన దగ్గర్నుంచి దొర నీడన బతికిన మనిషికి ఈ సూత్రం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. మిర్యాలగూడలో మూతపడ్డ ఒక మిల్లు నుంచి పాత ఇనుప గొట్టం బండిమీద తెప్పించాడు. కోదాడలో పెండ్లిండ్లకు తారాజువ్వలు చేసేవాళ్లను పట్టుకుని మందు తెప్పించాడు. పది రోజులు కొలిమి ఆరలేదు. భయం మరిచిపోయి పని చేశాడు, అది మంచి పనివాళ్లకు ఉండే జబ్బు.

గుండు మూతిలో గరాటులాగా ఖాళీ వదలాలనీ, ఆ ఖాళీ వల్లనే మంట ఇనుమును తొలుచుకుపోతుందనీ బిక్షం చెప్పగా అట్లాగే చేశాడు. తనిఖీకి వచ్చిన పేష్కార్ సాబ్ ఆ ఖాళీ చూసి, అందులో ఉండవలసిన సర్కారీ మందు ఎవరు మింగారని అడిగాడు. ఖాళీయే ఆయుధమని రామనర్సయ్య ఎంత చెప్పినా వినలేదు. ముప్ఫై ఏండ్ల నౌకరీలో ఖాళీ కనబడిన ప్రతి చోటా ఎవడో ఒకడు తిన్నాడనే అనుభవం ఆయనది. దగ్గర నిలబడి ఆ ఖాళీలో ఇసుక నింపించాడు.

అసలు గండం ఆ తరువాత వచ్చింది. పేల్చేటప్పుడు గొట్టం వెనక ఎవరూ ఉండకూడదని రామనర్సయ్య కమిటీకి విన్నవించుకున్నాడు. కమిటీ నిర్ఘాంతపోయింది. దొర తాత, తండ్రి, దొర, అందరూ ఎప్పుడూ వెనకనే ఉన్నారు. పంచాయితీ అయినా, వేట అయినా, ఊరిమీదికి మనుషులను తోలడమైనా ముందు పనివాడు, వెనక దొర. వెనక నిలబడరాని యుద్ధం యుద్ధమే కాదని పేష్కార్ సాబ్ అన్నాడు. పోనీ దొర ముందు నిలబడతాడా అంటే ఆ మాట ఎవరూ నోటితో అనలేదు. గంటసేపు చర్చ జరిగి, గొట్టం వెనక నోటికి గట్టి ఇనుప మూత బిగించవలెనని ఏకగ్రీవంగా తీర్మానమైంది.

మూత బిగిస్తే గొట్టం మోసేవాడి చెవి పక్కనే పగులుతుందనీ, మనిషి దక్కడనీ రామనర్సయ్య చెప్పాడు. అది మోసేవాడి స్వంత విషయమని కమిటీ భావించింది. సేవ్యా ఈ లోగా చెయ్యి మెడకు కట్టుకుని తండా దాటి, అడవిలో ఉండి దొరలమీద పోరాడే సంఘంవాళ్లలో కలిసిపోయాడు. అధికారిక భుజం పదవి ఖాళీ అయింది. చేసినవాడికే తన పనిమీద నమ్మకం ఉండాలి కనుక ఆ పదవిని రామనర్సయ్యకే దయచేశారు. పరీక్ష వచ్చే గురువారం.

రామనర్సయ్య ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. చావు భయం ఒకటి, తాను చేసిన వస్తువు చేతనే చావడమనే అవమానం ఒకటి. ఆయన భార్య లక్ష్మీనర్సమ్మ సంగతంతా విన్నది. కొలిమి తిత్తి లాగి లాగి ఆమెకు గాలి ఎటు పోతుందో, ఎటు పోనిస్తే మంట ఆరదో బాగా తెలుసు.

"మూత పెట్టుమన్నరు, పెట్టు. సూసెటందుకు ఇనుమే ఉండాలె. ఇనుమే పెట్టుమని నీ పానమేమన్న చెప్పిందా?" అన్నది.

ఆమె మాట మీద రామనర్సయ్య చెక్క బిళ్ల ఒకటి చెక్కి, మైనం పూసిన గుడ్డ చుట్టి గొట్టం వెనక నోట్లో కూర్చాడు. పైన మసి మెత్తాడు, నాలుగు దిక్కులా ఉత్త రివిట్ తలకాయలు అంటించాడు. పేష్కార్ సాబ్ వచ్చి దాన్ని వేలితో కొట్టి చూసి, ఇనుమంటే ఇట్లా ఉండాలని మెచ్చుకున్నాడు.

గురువారం వాగు ఒడ్డున మూడు వందల మంది చేరారు. దొర కుర్చీ సరిగ్గా గొట్టం వెనక, ఆరడుగుల దూరాన వేశారు. రామనర్సయ్యకు ఇప్పుడు కొత్త దిగులు పట్టుకున్నది. తన ప్రాణం దక్కేటట్టు ఉన్నది గాని దొర ప్రాణం పోయేటట్టు ఉన్నది. దొరమీద ఆయనకు ప్రేమ లేదు, అయినా మనిషిని చంపే గుండె కాదు. మొదటిసారి దండం పెట్టి, జర పక్కకు కూర్చోమని అడిగాడు.

"పక్కకు నిలబడెటోడు పాలోడయితడు రా. ఎనక నిలబడెటోడే దొర" అన్నాడు దొర. జనం తలలు ఊపారు.

రెండోసారి రామనర్సయ్య తెలివిగా చెప్పాడు. ఎంత పెద్ద అధికారి అయితే అంత వెనక ఉంటాడనీ, ఇటలీలో జనరళ్లు కోసెడు దూరంలో కూర్చునేవారనీ బిక్షం చెప్పాడన్నాడు. దొరకు ఈ మాట నచ్చింది. కుర్చీ పదడుగుల దూరానికి జరిపించాడు. సర్కారు తరపున తాను తక్కువ కాలేనని పేష్కార్ సాబ్ తన కుర్చీతో పదిహేను అడుగులకు పోయాడు. దొర ఇరవైకి పోయాడు. ఇట్లా ఒకరి గౌరవం కోసం ఒకరు జరుగుతూ జరుగుతూ పోగా వాగు అడ్డం వచ్చింది. నీళ్లలో కుర్చీ వేయడానికి నియమావళి ఒప్పుకోలేదు. ఇద్దరూ ఒడ్డుమీదనే, గొట్టానికి సూటిగా స్థిరపడ్డారు. మూడోసారి రామనర్సయ్య తప్పుకొమ్మని గట్టిగా కేక వేశాడు. పిరికి మాటలు మాని పేల్చమని దొర అంతకంటే గట్టిగా కేక వేశాడు.

రామనర్సయ్య కండ్లు మూసుకుని పేల్చాడు. గుండు గొట్టంలోంచి బయటికి వచ్చి, ఏడడుగులు పోయి, అలిసినట్టుగా పక్కకు ఒరిగింది. ఇసుక బరువు మరి. మైనం గుడ్డ చుట్టిన చెక్క బిళ్ల మాత్రం భగ్గున మండుతూ వాగు దిక్కుకు పోయి, దొర ముఖాన్ని కుడివైపు రాసుకుపోయి, పేష్కార్ సాబ్‌ను కుర్చీతో సహా నీళ్లలో దింపింది. పొగ విడిపోయాక చూస్తే దొరకు కుడి మీసం లేదు, కుడి కనుబొమ్మ లేదు. ఇంకేమీ కాలేదు. రామనర్సయ్య తన భుజాన్ని తడిమి చూసుకున్నాడు. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. అంత గొప్ప వస్తువు చేశానన్న సంతోషం కండ్లలో నీళ్లుగా తిరిగింది. బిక్షం తప్ప ఆ సంతోషాన్ని పంచుకున్నవాడు అక్కడ లేడు.

ముందున్నవాణ్ని కొడితే ఆయుధమనీ, వెనకున్నవాణ్ని కొడితే రాజద్రోహమనీ కమిటీ ఆ సాయంత్రం నిర్వచించింది. రామనర్సయ్య సోమవారం సూర్యాపేట కచేరీలో హాజరు కావాలనీ, శిక్ష తరువాత ఆలోచించబడుననీ హుకుం అయింది. సోమవారం పొద్దున లక్ష్మీనర్సమ్మ జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చింది. ఏడవలేదు గాని మూట ముడి విప్పుతూ కడుతూ చాలాసేపు నిలబడింది. ఆయన సూర్యాపేట చేరేసరికి కచేరీలో ఎవరూ లేరు. ఆ పొద్దుననే యూనియన్ సైన్యం కోదాడ దిక్కున సరిహద్దు దాటింది. పేష్కార్ సాబ్ కమిటీ కాగితాలన్నీ జట్కాలో వేసుకుని, ముందుజాగ్రత్తగా వెనక్కి పోయాడు.

ఆ వారంలోనే యుద్ధం అయిపోయింది. సడక్ మీద ట్యాంకులు పోతుంటే రామనర్సయ్య చూశాడు. రేకులు బిగించిన ఎడ్లబండికి, వాటికి ఎక్కడా పోలిక లేదు. మొదటి ట్యాంకుకు దండ వేసినవాడు దొర.

పదిహేను రోజులకు సూర్యాపేటలో విజయోత్సవ సభ జరిగింది. వేదిక పక్కన ఒక ట్యాంకును నిలిపారు. మిలిటరీ ఆఫీసరు ముఖ్య అతిథి. దొర ఖద్దరు టోపీ పెట్టుకుని, మొదటిసారిగా అందరికంటే ముందుకు వచ్చి నిలబడ్డాడు. వాగు ఒడ్డున చేరిన మూడు వందల మందీ ఇంచుమించు ఆ సభలోనూ ఉన్నారు.

"ఈ మొఖం సూడుండ్రి. సగం మీసం లేదు. జులుం జేసెటోళ్ల మంటలకు ఎదురుంగ నిలబడ్డ, మీ కోసం నిలబడ్డ. అందరు ఉరికినా నేను జరగలె. నమ్మకుంటే మా రామనర్సయ్యను అడుగుండ్రి, కండ్లార సూసిండు" అన్నాడు దొర. ఆయన నోట రామనర్సయ్య పేరు పూర్తిగా రావడం అదే మొదలు.

ఆఫీసరు రామనర్సయ్యను లేవమన్నాడు. రామనర్సయ్య ట్యాంకును చూశాడు. దాని గొట్టం జనం దిక్కే ఉన్నది. ఉన్నది ఉన్నట్టు చెబితే, తాలూకా మొత్తంలో ట్యాంకులను పేల్చబోయినవాడు తానొక్కడే తేలతాడు. కమిటీ తీర్మానాలు పేష్కార్ సాబ్‌తో పోయాయి, సుత్తె దెబ్బలు మాత్రం తనవే. అబద్ధం చెప్పడం ఆయనకు రాదు.

"నిజమేనయ్యా. మంట సీద ఆయన మీదికే వచ్చింది. తప్పుకోండ్రని నేను మూడు మాట్ల చెప్పిన. దొర తప్పుకోలె" అన్నాడు.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆఫీసరు లేచి దొరకు సెల్యూట్ కొట్టాడు. మొదట చప్పట్లు కొట్టినవాడు బిక్షం, తరువాత మూడు వందల మందీ కొట్టారు. ఎవరూ పక్కవాడి ముఖం చూడలేదు. దొరను అక్కడికక్కడే తాలూకా పునర్నిర్మాణ కమిటీకి అధ్యక్షుణ్ని చేశారు.

రామనర్సయ్య ఇంటికి వచ్చి జరిగింది చెబితే, నువ్వు కూడా చప్పట్లు కొట్టినవా అని లక్ష్మీనర్సమ్మ అడిగింది. కొట్టానన్నాడు. భుజం నొప్పి పెడుతున్నదని కూడా అన్నాడు. అంత పెద్ద గొట్టం పేల్చినప్పుడు లేని నొప్పి ఇప్పుడెందుకు వచ్చిందో వైద్యులు చెప్పాలి. చదివేవారు ఇంతసేపూ నవ్వుకుని ఉంటారు, మాకూ అదే కావలసింది. మీ ఊరి వేదిక మీది పెద్దమనిషి ఏ మంటకు ఎదురు నిలబడ్డాడో మీకు తెలియనిది కాదు. మొన్నటి సభలో మీ చేతులు ఏం చేశాయో మాత్రం మేము అడగము.