పది గంటలకు వచ్చే ఏరు

ఎండిపోయిన ఏటికి బదులుగా మరో ఏరు మంజూరైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. గని లోతుకు దిగేకొద్దీ ఏటి నీళ్లు కిందికి జారిపోయిన మాట నిజమే. అందులో గని తప్పేమీ లేదు. పల్లం కనిపిస్తే ఆగలేకపోవడం నీళ్లకు పుట్టుకతో వచ్చిన గుణం. అయినా గని యాజమాన్యం పెద్దమనసు చేసుకుని ఏటి పక్కనే చెరువు తవ్వించింది. వానాకాలంలో ఏటి నీళ్లను అందులో దాచి, ఎండాకాలంలో తూము ఎత్తి ఏటికే ఇస్తారు. ఏటి సొమ్ము ఏటికే దానం చేయడంలోని ఔదార్యం అర్థం కావాలంటే కాస్త చదువుకుని ఉండాలి.

ఆ తూము ఎత్తడం, దాని కిందే పాతిన కొలబద్ద చూసి లోతు రాయడం కొలతల గుమస్తా పని. పాతికేళ్ల సర్వీసులో రిజిస్టరులో ఒక్క కొట్టివేత లేని మనిషి. ఆయనకు రెండు ఉత్తర్వులు వచ్చాయి. రోజూ ఉదయం పది గంటలకు ఏటిలో మోకాలి లోతు నీళ్లుండాలని ఒకటి. ఎవరు ఎప్పుడు తనిఖీకి వచ్చినా చెరువు నిండుగా కనిపించాలని రెండోది. మరొకరైతే జుట్టు పీక్కునేవారు. గుమస్తాకు ఆ సౌకర్యం లేదు కాబట్టి ఆలోచించాడు. పదికి ఐదు నిమిషాల ముందు తూము ఎత్తి, పదికి లోతు రాసుకుని, మరో ఐదు నిమిషాలకు దించేసేవాడు. పాము చావలేదు, కర్రా విరగలేదు. ఏరు ఆ విధంగా ఉద్యోగంలో చేరింది. ఆదివారాలు సెలవు.

అంతా సవ్యంగానే సాగేది, మైలు దిగువన గుమస్తా అక్క నారుమళ్లు లేకపోతే. భర్త పోయాక ఆమె వంగ, మిరప, టమాటా నారు పోసి అమ్ముకుంటూ బతుకుతోంది. పది నిమిషాల నీళ్లు అక్కడిదాకా చేరాలంటే మధ్యలో ఇసుక ఒప్పుకోవాలి. ఇసుక ఒప్పుకోలేదు. నారు తలలు వేలాడేసింది. కొనేవాళ్లు పది రోజుల్లో వస్తారు. ఈ పంట పోతే ఏడాదంతా ఆమెకు పస్తులే.

ఒకరోజు ఆమె ఆఫీసుకే వచ్చి తమ్ముడి ఎదురుగా బెంచీ మీద కూర్చుంది.

“ఏరంటే మీ ఆఫీసు మనిషనుకున్నావట్రా, పదింటికొచ్చి సంతకం పెట్టి పోడానికి?”

గుమస్తా రెండు ఉత్తర్వులూ చదివి వినిపించాడు. ఆమె ఓపిగ్గా చివరిదాకా విన్నది.

“చిన్నప్పుడు ఆ ఏట్లోనే కొట్టుకుపోతుంటే నిన్ను జుట్టు పట్టి బయటికి లాగాన్రా. అప్పుడు టైమెంతయిందో నేను చూడలేదు” అని లేచి వెళ్లిపోయింది.

మర్నాడు గుమస్తా తూము దించడం మరచిపోయాడు. బుద్ధిపూర్వకంగా, చెమటలు పట్టేంత శ్రద్ధగా మరచిపోయాడు. సాయంత్రానికి నీళ్లు అక్క మళ్లలోకి వెళ్లాయి. ఆమె గట్టు మీద కూర్చుని కళ్లు తుడుచుకుందట. అబద్ధం రాయడం చేతకాని గుమస్తా గంటగంటకూ మోకాలి లోతని రిజిస్టరులో రాశాడు. ఉద్యోగం ఊడుతుందని తెలిసి, బీరువాలో ఉన్న తన చెంబు, తువ్వాలు ఇంటికి తెచ్చేసుకున్నాడు.

ఉద్యోగం ఊడలేదు. పై ఆఫీసు ఫారంలో నీళ్లు ఎంత అని అడిగే గడి ఉంది, ఎక్కడివి అని అడిగే గడి లేదు. ఎండాకాలంలో ఒక పగలంతా పారితే ఏరు కోలుకున్నట్టేనని నిబంధన. చెరువులో తగ్గిన నీళ్లను ఎండ ఖాతాలో వేశారు. కోలుకున్న ఏటికి ఇక దానం దేనికని మర్నాడే తూము మూసి వెల్డింగు పెట్టారు. రెండో గనికి అనుమతి ఇచ్చారు. చెరువును పట్టణ ప్రజల విహారానికి అంకితం చేస్తూ సభ పెట్టి, ఏటిని బతికించిన గుమస్తాకు పతకం ప్రకటించారు.

సభనాటికి నారు నిలువునా మాడిపోయింది. అక్క ఒక ట్రే నిండా ఆ నారు పట్టుకొచ్చి ముందు వరసలో కూర్చుంది. గుమస్తాకు అటు చూడటానికి మొహం చెల్లలేదు. పతకం ఇచ్చి మైకు అందించగానే నిజం చెప్పేశాడు.

“ఏరు కోలుకోలేదండీ. ఆ రోజు తూము నేనే ఎత్తి వదిలేశాను.”

గని మేనేజరు మైకు అందుకున్నాడు.

“ఏరు కోలుకోవడం వెనక తన చెయ్యి ఉందని వారే స్వయంగా అంగీకరించారు. ఇటువంటి నిరాడంబరులు సంస్థకు గర్వకారణం.”

చప్పట్లు మారుమోగాయి. అవి ఆగేదాకా చూసి అక్క లేచి నిలబడింది.

“ఇందరున్నారు గదా, మీలో ఆ ఏటి దగ్గరికెళ్లి చూసినోళ్లు ఒక్కరన్నా ఉన్నారా?”

ఏరు అటువైపు కదమ్మా, ఎండగా ఉంటుంది అని ఒక పెద్దమనిషి మర్యాదగానే జవాబిచ్చాడు. గుమస్తా పతకాన్ని జేబులో పెట్టుకుని దిగి, అక్క చేతిలోని ట్రే అందుకున్నాడు. ఇద్దరూ ఎండలోనే ఏటివైపు నడిచారు. ఎవరూ వాళ్ల వెంట వెళ్లలేదు. చెరువులో పడవ షికార్లు మొదలైపోయాయి మరి.

తమరూ కుటుంబంతో వచ్చే పక్షంలో కాస్త పెందలాడే రండి. వరస పెద్దది. ఒడ్డున నీడ బాగుంటుంది, అక్కణ్ణుంచి ఏరు కనిపించదు.