నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెలుతురు

"ఉగాది నాడు నంద్యాలలో వేసిన దీపం ఆళ్లగడ్డలో వెలుగుతుంది. మధ్యలో కరెంటు తీగ ఉండదు. ఒకే ఒక్క ప్లాస్టిక్ దారం ఉంటుంది!"

1981 ఫిబ్రవరిలో నంద్యాల బహిరంగ సభలో మంత్రిగారు ఈ మాట ప్రకటించారు. అంతకు ముందు నెలలోనే ఆయన జపాన్ వెళ్లొచ్చారు. అక్కడి హోటల్లో బల్లమీద ఒక దీపం చూశారు. గడ్డిదుబ్బులాగా సన్నటి ప్లాస్టిక్ దారాలు, ప్రతి దారం కొసనా ఒక చుక్క వెలుతురు. జపాన్ వాళ్లు వెలుతురును జానెడు దూరం పంపితే మనం పాతిక మైళ్లు పంపలేమా అని ఆయనకు రోషం వచ్చింది.

ఆ రోషం తిన్నగా వచ్చి జనార్దనం నెత్తిన పడింది.

జనార్దనం పాలిమర్ దారాల పరిశోధనా కేంద్రానికి డైరెక్టరు. కేంద్రం నంద్యాలలోనే ఒక పాత జిన్నింగు మిల్లు గోడౌనులో ఉండేది. దానికి రెండు ఆశయాలు. ఒకటి, వెలుతురును మోసే దారం తీయడం. రెండు, దారాలను జిగురులో కలిపి తేలికైన, గట్టి వస్తువులు చేయడం. రెండోది అప్పటికే సాధించారు. సందర్శకుల కోసం చేసిన కుర్చీ ఎంత తేలికంటే, ఫ్యాను వేస్తే వరండాలోకి వెళ్లిపోయేది.

మొదటి ఆశయం ప్రేమకుమారి చేతిలో ఉంది. ఆమె యాక్రిలిక్ కడ్డీని కరిగించి వెంట్రుకంత దారం తీస్తుంది. ఈ కొసన దీపం పెడితే ఆ కొసన నిజంగానే వెలుతురు కనిపిస్తుంది, పది గజాల దాకా.

"రెండేండ్లు టైమిస్తే నూరు గజాలు పంపిస్తా సార్" అంది ఆమె.

"ఉగాదికి రెండు నెల్లు కూడా లేవు తల్లీ. ఆ పొద్దుకు వెలుతురు చేరకపోతే కేంద్రం మూసేస్తామని మంత్రిగారి పీయే ఫోన్ చేసి చెప్పినాడు."

కేంద్రం మూస్తే పదహారు మంది ఇళ్లకు పోతారు. అంతకన్నా ఘోరం, జనార్దనం జీపు పోతుంది.

కష్టకాలంలోనే మేధావి బయటపడతాడు. జనార్దనం బట్టలారేసే నైలాన్ తాడు లారీకెత్తించి, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా గుంజలు పాతి కట్టించారు. రెండు కొసల్లో మాత్రం ప్రేమకుమారి తీసిన అసలు దారం అతికించారు. శిరివెళ్ల దగ్గర ప్రజలు కూడా పరిశోధనలో పాలుపంచుకున్నారు. తడి చీరలు ఆరేశారు.

ఇక అటెండరు ఓబయ్యను పిలిచారు.

"వాచీ ఉందా ఓబయ్యా?"

"ఉండాది సారూ."

"పండగ పొద్దు ఆళ్లగడ్డలో తెర వెనక కూర్చో. సరిగ్గా పదకొండుకు, ముహూర్తం వేళకు, దారం దగ్గర టార్చి పెట్టి మీట నొక్కు."

"ఈడ మంత్రి దీపం ఏసినాడో లేదో నాకెట్ల తెలుస్తాది?"

"నీకెందుకప్పా అది? పదకొండంటే పదకొండే. ఒక్క నిమిషం అటూ ఇటూ జరిగినా నీ ఉద్యోగం ఉండదు."

ఆ ఏర్పాటులో తప్పు వెతికినా దొరకదు. జనార్దనం అన్నిటికీ లెక్క వేశారు, మంత్రిగారి రాకకు తప్ప.

ఉగాది పొద్దున పదకొండు గంటలకు మంత్రిగారు ఇంకా పాణ్యంలో సన్మానం చేయించుకుంటున్నారు. నంద్యాలలో కేంద్రం ముందు వేసిన పందిట్లో, వేదిక మీద స్విచ్చికి కట్టిన రిబ్బను అలాగే ఉంది. అంతలో ఫోను మోగింది. ఆళ్లగడ్డ నుంచి ట్రంకు కాలు. శుభవార్త జనమంతా వినాలని జనార్దనమే ముందుగా ఫోనును మైకుకు కట్టించి ఉన్నారు.

"హలో, నంద్యాలా? నేను తహసీల్దారును! వెలుతురు వచ్చేసింది! తళతళా మెరుస్తాండాది! మంత్రిగారికి మా నమస్కారాలు!"

పందిరి దద్దరిల్లింది. ప్రేమకుమారి పరుగున వచ్చింది.

"పంపకముందే వెలుతురు ఎట్ల చేరుతుంది సార్?"

"మెల్లగా తల్లీ, పేపరోళ్లుండారు."

పేపరోళ్లు అప్పటికే చుట్టుముట్టారు. "డైరెక్టరు గారూ, మీరింకా దీపమే వేయలేదు కదా?"

జనార్దనం కళ్లద్దాలు తుడుచుకున్నారు. "మామూలు దారం వేసిన వెలుతురునే మోస్తుంది. మాది వేయబోయే వెలుతురును కూడా మోస్తుంది."

అందరూ రాసుకున్నారు.

ఒంటిగంట దాటాక మంత్రిగారు మెడనిండా దండలతో దిగారు.

"ఏమప్పా జనార్దనం, నేను స్విచ్చి ఏయకముందే ఆడ వెలిగిందంటనే?"

"మీరొస్తాండారని తెలిసి ఆగలేకపోయింది సార్."

మంత్రిగారు పొంగిపోయి తన మెడలోని దండ తీసి జనార్దనం మెడలో వేశారు. కెమెరాలు మెరిశాయి. జనార్దనం కళ్లముందు కొత్త జీపు కదలాడింది. మైకు వైపు రెండడుగులు వేసిన మంత్రిగారు ఆగి వెనక్కి తిరిగారు.

"అంటే ఈడ దీపం లేకపోయినా ఆడ వెలుతురు వస్తాది?"

"వస్తాది సార్."

"ఈ స్విచ్చెందుకు మరి?"

"ఊరికే, అలంకారానికి సార్."

"ఈ మిషన్లు? ఈ పదహారు మంది?"

జనార్దనం మళ్లీ కళ్లద్దాలు తీసి తుడవసాగారు. ప్రేమకుమారి ఆయన చొక్కా పట్టుకు లాగింది. "ఇప్పుడన్నా నిజం చెప్పండి సార్. పది గజాలు నిజంగానే పోతుందని చెప్పండి. నేను చూపిస్తా."

ఆయన నోరు తెరిచారు. ముందు వరసలో సర్కిల్ ఇన్‌స్పెక్టరు ఉగ్గాని తింటూ ఆయననే చూస్తున్నాడు. నోరు మూసుకున్నారు.

మంత్రిగారు మైకు అందుకున్నారు.

"సోదరులారా! ఈడ ఎవరూ పంపకుండానే ఆళ్లగడ్డలో వెలుతురు వస్తాంది. అట్లాంటప్పుడు నంద్యాలలో ఈ కేంద్రం ఎందుకు? ప్రజల దుడ్లు ఒక్క పైసా దుబారా కానీయను. రేపటి నుంచి దీన్ని మూసేస్తాండాం!"

మొదట చప్పట్లు కొట్టింది జనార్దనమే.