పన్నెండు వారాల పాజిటివ్

సర్వే ఆఫీసు మూడో అంతస్తులో కూర్చుని పొలాల హద్దులు గీసే ఆమెను అందరూ గీతలమ్మ అనేవారు. ఆ ఉదయం ఆమె పెట్టుకున్న పని ఒక్కటే: తన బల్లను కింది అంతస్తుకు మార్పించమని మేనేజరును మూడోసారి అడగడం. యాభై ఒక్క ఏళ్ల గీతలమ్మకు రెండేళ్లుగా ఎడమకాలు మోకాలి కింద నిప్పులు పోసినట్టు మండుతోంది. నరాల పరీక్షలన్నీ బాగున్నాయి. రక్తంలో మాత్రం యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నాయన్నారు. అంటే రక్తం అక్కర్లేని చోట గడ్డకట్టే ప్రమాదం ఉందట. నొప్పికి అదే కారణమా అంటే, "కావచ్చు, కాకపోవచ్చు" అన్నాడు డాక్టరు. పన్నెండు వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేస్తేగానీ ఖాయం చేయలేమన్నాడు. ఆ రెండో ఫలితం ఆమె ఆఫీసు మెట్లెక్కుతూ ఉండగా ఫోన్లో వచ్చింది.

వెంటనే భర్తకు ఫోను చేసింది. "అవునండీ, మళ్లీ పాజిటివే. పన్నెండు వారాలు నిండాయిగా, ఇక అనుమానం లేదు. అత్తయ్యకు మాత్రం చెప్పకండి, కంగారుపడతారు."

నాలుగు మెట్ల కింద రికార్డుల గుమాస్తా ఉన్నాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

పదకొండు కాకముందే నలుగురు వచ్చి బల్లను కిందికి మోసుకుపోయారు. ఐదో ఆయన ఆమె చేతిసంచి అందుకుని, "మెల్లిగా దిగండమ్మా, తొందరేం లేదు" అన్నాడు. ఈసారి అడగకుండానే వరం దక్కినందుకు ఆశ్చర్యపోతూ గీతలమ్మ మేనేజరు గదికి వెళ్లింది.

"మీచేత ఆ మెట్లు ఎక్కించినందుకు సిగ్గుగా ఉందమ్మా. ఎన్నాళ్లయింది?" అన్నాడాయన.

"రెండేళ్లు సార్."

మేనేజరు కళ్లజోడు తీశాడు. "రెండేళ్లా! డాక్టర్లేమంటున్నారు?"

"వాళ్లకీ అంతుపట్టట్లేదు సార్. ఇంకెన్నేళ్లో చెప్పలేమన్నారు."

"కదలికేమైనా తెలుస్తోందా?"

"ఎందుకు తెలీదు సార్, పాదంలో చీమలు పాకుతున్నట్టు!"

"పాదంలోనా!" ఆయన గ్లాసుడు నీళ్లు గటగటా తాగాడు. "మరి మీవారు?"

"పాపం, రోజూ కాళ్లు పడతారు సార్."

"పట్టాలి మరి," అన్నాడు మేనేజరు కటువుగా. అప్పటికప్పుడే ఆర్డరు రాసి, సంతకం పెట్టి, హెడ్డాఫీసుకు పంపించేశాడు.

గీతలమ్మకు కళ్లు చెమర్చాయి. రెండేళ్లలో తన నొప్పి గురించి కుర్చీలో ముందుకు వంగి అడిగినవాడు ఈయనొక్కడే.

మధ్యాహ్నానికి అత్తగారు ఆఫీసులో ఊడిపడింది. గుమాస్తాది వాళ్ల వీధే. ఆవిడ చంకలో పెద్ద మూట. "ఊరందరికీ చెప్పి నాకు దాస్తావటే? కాలేజీ చదివే కూతుర్ని పెట్టుకుని ఇదేం చోద్యం! సరేలే, అయిందేదో అయింది. ఇవిగో, మనవరాలి చిన్నప్పటి గౌన్లు. ఉతికి తెచ్చాను."

ఆ గొంతు విని మేనేజరు, గుమాస్తా బల్ల దగ్గరికి వచ్చారు. గీతలమ్మకు విషయం బోధపడటానికి అర నిమిషం పట్టింది. నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. తర్వాత యాంటీబాడీల సంగతి, మంట సంగతి మొదటినుంచీ చెప్పింది. గుమాస్తా ఫైలు వెనక నక్కాడు. మేనేజరు ముఖం కందగడ్డయింది.

"అయితే... కారణమే తెలియని నొప్పికి బల్ల మార్చడమంటే..." అని నసిగాడు.

"నాయనా, బిడ్డకైనా పుట్టాకే పేరు పెడతాం. నొప్పి మాత్రం పేరుతో సహా పుట్టాలా?" అంది అత్తగారు. ఇంట్లో రెండేళ్లుగా "నాకు లేవా నొప్పులు?" అన్న మనిషే! కోడలి వైపు తిరిగి, "ఇంత మంట అని నాకెందుకు చెప్పలేదే?" అంది.

"చెప్పానత్తయ్యా. మీరు సీరియల్ చూస్తున్నారు."

ఆవిడ గౌన్ల మూటను బల్లకింద పెట్టి, కోడలి కాలెత్తి దానిమీద ఆనించింది.

మేనేజరు ఆర్డరు వెనక్కి తెప్పించుకోవాలని హెడ్డాఫీసుకు ఫోను చేశాడు. అది అప్పటికే మంజూరైపోయింది. "ప్రసవమయ్యేవరకు సదరు ఉద్యోగిని కింది అంతస్తులోనే కొనసాగవలెను" అని ఉంది. రద్దు చేయాలంటే ప్రసవ ధ్రువపత్రం జతచేయాలట; లేదా ఈ కబురు ఆయనకు ఎలా తెలిసిందో రాతపూర్వకంగా ఇవ్వాలట. మేనేజరు మెల్లిగా ఫోను పెట్టేశాడు.

గీతలమ్మ రిటైర్మెంటుకు ఇంకా తొమ్మిదేళ్లుంది. ఈలోగా ప్రసవమయ్యే సూచనలైతే లేవు.