మంత్రిగారి మట్టిముద్ద

మంత్రివర్యులు స్వహస్తాలతో బీదలకు ఇల్లు కట్టబోతున్నారన్న ప్రకటన దేవరకొండలో బాజాభజంత్రీలతో వెలువడింది. జీపుకు కట్టిన మైకు చెప్పినదాన్ని బట్టి, ఇంతవరకు దేశంలో ఇళ్ళను పనివాళ్ళు మాత్రమే కడుతూ వచ్చారనీ, ఇళ్ళ కొరతకు అదే కారణమనీ, ఇకమీదట శ్రమదానం ద్వారా నాయకులే ఆ పనికి పూనుకుంటారనీ తేలింది. నేను పత్రికకు వార్తలు పంపుతూ, మిగతా వేళల్లో కిరాయి సైకిళ్ళ దుకాణం నడుపుకునేవాణ్ణి. ఇంతటి ఘట్టాన్ని పాఠకులకు అందించే బాధ్యత నా మీద పడినందుకు గర్వించి, ఆ పూటకు దుకాణం మూసేశాను.

ముందు ఇల్లు లేని మనిషిని వెతకాలి. ఆ భారం బ్లాకు అధికారి రఘుపతిగారి మీద పడింది. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన కార్యదక్షులు. గుట్టకింది పల్లెలో బీరమ్మ అనే మేకలకాపరి ఉందనీ, నిరుటి వానలకు ఆమె ఇల్లు కూలిందనీ విని, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరారు.

తీరా వెళ్ళి చూస్తే అక్కడ గోడలు భుజాల ఎత్తున లేచి ఉన్నాయి! పక్కింటి యాదయ్య, ఇంకొందరు ఇరుగుపొరుగులు మట్టి తొక్కి, ముద్ద మీద ముద్ద పెట్టి గోడలు లేపుతున్నారు. బీరమ్మ నీళ్ళు మోస్తోంది. తొలికాన్పుకు వచ్చిన ఆమె కూతురు అండాలు ఎడ్లబండి కింద చాప పరుచుకుని కూర్చుంది.

రఘుపతిగారు నిర్ఘాంతపోయారు.

"ఎవరయ్యా మిమ్మల్ని కట్టమన్నది?"

"ఎవ్వలు చెప్పలే సారూ," అన్నాడు యాదయ్య. "గీమె ఇల్లు కూలె. బిడ్డకు నెలలు నిండొస్తున్నయ్. వాన పడకముందే కప్పు పడాలెనని తలా ఒక చెయ్యేస్తున్నం."

"కూలి ఎవరిస్తున్నారు?"

"కూలి ఏంది సారూ! రేపు నా ఇల్లు కూలితే ఆమె రాదా?"

"అంటే ఆర్డరు లేకుండా, కమిటీ లేకుండా, మీ అంతట మీరే స్వచ్ఛందంగా పనిచేస్తున్నారా?" అన్నారు రఘుపతిగారు. "అందరూ ఇలా మొదలుపెడితే శ్రమదాన ఉద్యమం ఏమైపోవాలయ్యా?"

యాదయ్య తల వంచుకున్నాడు. రఘుపతిగారు కొంచెం మెత్తబడి, మంత్రిగారు పునాదిలో మొదటి ముద్ద పెట్టవలసి ఉందనీ, గోడలుండగా అది సాధ్యం కాదనీ వివరించారు.

"గోడ మీద పెట్టుమను సారూ," అంది బీరమ్మ.

"గోడ మీద పెడితే అది శంకుస్థాపన కాదమ్మా, మరమ్మతు. మంత్రులు మరమ్మతులు చెయ్యరు."

ఆ సాయంత్రమే గోడలు పడగొట్టారు. పడగొట్టడం కూడా శ్రమే కనుక "శ్రమదానం ఉత్సాహంగా ప్రారంభం" అని వార్త పంపాను.

మంత్రిగారు వచ్చిన నాడు తెల్లటోపీల వలంటీర్లు లారీ నిండా వచ్చారు. ఎండకు వాళ్ళ ఉత్సాహం వాడిపోకుండా యాదయ్యవాళ్ళు పందిరి వేశారు. వాళ్ళ దాహానికి బీరమ్మ నీళ్ళు మోసింది. మంత్రిగారు నికెల్ పూత తాపీ చేతబట్టి, ఎంతో తాపీగా ఒక మట్టిముద్దను పునాదిలో ఉంచారు. వలంటీర్లు కొట్టిన చప్పట్లకు గుట్ట మీది మేకలు దిగివచ్చాయి. వెంటనే సబ్బుతో, ఆపైన పన్నీటితో మంత్రిగారి చేతులు కడిగారు.

"ఈ ఇల్లంతా నేనే కట్టగలను," అన్నారు మంత్రిగారు ఉపన్యాసంలో. "కాని అలా చేస్తే ప్రజాశక్తిని అవమానించినట్టవుతుంది. అందుకే మిగతాది ప్రజలకు వదిలేస్తున్నాను."

ఈ త్యాగానికి నా కళ్ళు చెమర్చాయి. మంత్రిగారు బీరమ్మవైపు తిరిగి, "ఏమ్మా, సంతోషమేనా?" అన్నారు.

"గోడలున్నప్పుడు గూడ సంతోషమే ఉండె సారూ."

"ఆనందంతో నోట మాట రావడం లేదంటోంది సార్," అన్నారు రఘుపతిగారు.

కార్లు వెళ్ళిపోగానే యాదయ్యవాళ్ళు మళ్ళీ మట్టి తొక్కారు. గోడలు నడుమెత్తు లేచే సమయానికి పత్రికలో ఫోటో వచ్చింది. మట్టిముద్ద చక్కగా పడింది గాని, మంత్రిగారి కళ్ళు మూసుకుని ఉన్నాయి. ప్రభుత్వం నిద్రపోతోందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలని ప్రతిపక్షంవాళ్ళు గోల చేశారు. ఈ నీచమైన ఆరోపణను తిప్పికొట్టడానికి, కళ్ళు తెరుచుకుని మళ్ళీ ముద్ద పెట్టాలని మంత్రిగారు నిశ్చయించారు. గోడలు మళ్ళీ పడ్డాయి.

ఈసారి మంత్రిగారు కళ్ళు ఎంత పెద్దవి చేశారంటే, ఆ ఫోటో చూసి పత్రిక ఆఫీసులో ఒకరు జడుసుకున్నారట. కాని తనను పిలవకుండా ముద్ద పెట్టారని పంచాయతీ సమితి అధ్యక్షులు అలిగారు. అప్పటికి మళ్ళీ లేచిన గోడలను ఆయన కోసం ఒకసారి తీసేయమని చెప్పడానికి రఘుపతిగారూ నేనూ వెళ్ళాం. అండాలు బండి కింద నడుం పట్టుకుని అటూ ఇటూ ఒత్తిగిలుతోంది. ఆకాశంలో మబ్బులు కమ్ముతున్నాయి. బీరమ్మ కూతురివైపు చూసింది, మబ్బులవైపు చూసింది. తర్వాత చాలా వినయంగా చేతులు జోడించింది.

"సారూ, నా గోడలు మీకు ఊకె అడ్డమొస్తున్నయ్. ఇగ లేపనే లేపం. పునాది గిట్లనే సాఫుగ ఉంచుత. ఎవలొచ్చినా ముద్ద పెట్టుకొని పోండ్రి. ఏం ఫికర్ లేదు."

ప్రజల్లో ఇంతటి చైతన్యం వచ్చినందుకు రఘుపతిగారు పరవశించిపోయారు.

అప్పటి నుంచి ఆ పునాది తీర్థస్థలమైపోయింది. సమితి అధ్యక్షులు ఒక ముద్ద పెట్టారు. యువజన నాయకులు ఒక ముద్ద, వారి మీద అలిగిన యువజన నాయకులు ఇంకో ముద్ద పెట్టారు. బీరమ్మ పొద్దున్నే కల్లాపి చల్లి, ముగ్గు పెట్టి ఉంచేది. ఒకరి ముద్ద తీసేస్తే గాని ఇంకొకరికి చోటుండదు కనుక, యాదయ్యవాళ్ళు పడ్డ మట్టిని పడ్డట్టే గంపల్లో ఎత్తి గుట్ట వెనక్కి మోసుకుపోయేవారు.

ఒకనాడు సైకిలు మీద అటు వెళ్ళి చూశాను. బీరమ్మ వాళ్ళ అన్న మెట్టచెలకలో మట్టిగోడలు లేచి ఉన్నాయి. యాదయ్య పైన కూర్చుని బోదగడ్డి కప్పుతున్నాడు.

"సూసిన్నని రాయకే అన్నా," అన్నాడు పైనుంచి.

పత్రికలో చోటు తక్కువ. రాయలేదు.

పునాది కీర్తి విని, మరోసారి ముద్ద పెట్టడానికి మంత్రిగారు మళ్ళీ వచ్చారు. ఉపన్యాసం మంచి పట్టులో ఉండగా గుట్ట వెనకనుంచి సన్నగా ఏడుపు వినిపించింది. మంత్రిగారు ఆగారు.

"ఎవరిదా ఏడుపు?"

"మేకపిల్ల సారూ," అంది బీరమ్మ తడుముకోకుండా. "మేక పొద్దుగాల్నే ఈనింది."

ఏడుపు ఇంకా పెద్దదైంది. రఘుపతిగారు గుట్టవైపు చూశారు. బీరమ్మ ముఖంవైపు చూశారు. ఆమె కొంగు చాటున చేతులు జోడించింది. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"మంచి జాతి మేక సార్," అన్నారు చివరికి.

ఉపన్యాసం సాగింది. దేవరకొండ ప్రాంతంలో సాధించిన ఈ విజయాన్ని కేతేపల్లి వైపు కూడా విస్తరింపజేయాలని మంత్రిగారు అక్కడికక్కడే ప్రకటించి, మర్నాడే కార్లు కట్టించారు. వలంటీర్ల లారీలో నాకూ చోటు దొరికింది.

మా కన్నా ముందు మా కీర్తి అక్కడికి చేరింది. రోడ్డు పక్క ఒక పల్లెలో దిగి ఇల్లు లేనివాళ్ళెవరని అడిగితే ఒక్కరూ ముందుకు రాలేదు. చివరికి ఊరి చివర, నాలుగు రాళ్ళు పెట్టి జొన్న గటక వండుకుంటున్న సైదులు అనే కూలీ, భార్య సత్తమ్మ, ముగ్గురు పిల్లలు కనిపించారు. చుట్టుపక్కల మూటలు తప్ప ఏమీ లేవు.

"నీకు ఇల్లు లేదా నాయనా?" అన్నారు మంత్రిగారు ఎంతో ఆశగా.

సైదులు గబుక్కున లేచి నిలబడ్డాడు. "ఉన్నది సారూ! ఎందుకు లేదు?"

"ఎక్కడ?"

"గా దిక్కున్నది సారూ," అని చెయ్యి గాల్లో తిప్పాడు.

"మరి ఇక్కడెందుకున్నారు?"

"ఇంట్ల ఉక్కపోస్తాంది సారూ," అంది సత్తమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుంటూ. "జర గాలికని బయట కూసున్నం."

మంత్రిగారు ఆ మూటలవైపు, పిల్లలవైపు తృప్తిగా చూశారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, గద్గద స్వరంతో, ఈ ప్రాంతంలో ఇళ్ళ సమస్య పూర్తిగా పరిష్కారమైపోయిందని రాసుకోమన్నారు. రాసుకున్నాను. వలంటీర్లు జయజయధ్వానాలు చేశారు.

అంతలో పెద్ద వాన అందుకుంది. అందరూ పరుగెత్తి కార్లెక్కారు. లారీ మలుపు తిరుగుతూ ఉంటే వెనక్కి చూశాను. సైదులు, సత్తమ్మ, పిల్లలు ఒకే గోనెపట్టా నెత్తిన పట్టుకుని, ఇంకా గాలికి బయటే కూర్చుని ఉన్నారు.