పది దాటాక, నాలుగు లోపు

మా కుటుంబం ఆరు పగళ్ళు, ఐదు రాత్రుల విశ్రాంతిని ఎలాంటి ప్రాణనష్టమూ లేకుండా ముగించుకుని తిరిగి వచ్చిందని బంధుమిత్రులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఈ ఘనత పూర్తిగా మా అన్నయ్యది. ఆయనకు ఒక హాలిడే క్లబ్బులో సభ్యత్వం ఉంది. ఏటా కొన్ని రోజులు వాళ్ళ రిసార్టులో సొంత ఇంట్లోలా ఉండవచ్చు. ఒకే గదిలో అన్ని రోజులూ వరసగా ఉండడం మాత్రం కుదరదు, ఎందుకంటే మిగతా సభ్యులు కూడా సొంత ఇంట్లోలాగే ఉండాలనుకుంటున్నారు.

అన్నయ్య ఇలాంటివాటికి బెదిరే మనిషి కాదు. నెల రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని, ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ పట్టేసి, ఐదు రాత్రుల్ని ఒకదానికొకటి అతికించాడు. మొదటి రెండు రాత్రులు వంటా పడకా ఒకేచోట ఉండే స్టూడియో గది, మూడో రాత్రి ఒక బెడ్‌రూం, నాలుగో రాత్రి రెండు బెడ్‌రూంలు, ఐదో రాత్రి సరస్సు వైపు గది. రంగు పెన్సిళ్ళతో చార్టు గీసి వదినకి, నాకు, మా ఆవిడకి, నాన్నగారికి తలా ఒక ప్రతి ఇచ్చాడు.

రిసార్టు నిబంధన చిన్నదే. ఉదయం పదింటికి గది ఖాళీ చెయ్యాలి. కొత్త గది సాయంత్రం నాలుగింటికి ఇస్తారు. గది మారితే బుకింగు మారినట్టు, బుకింగు మారితే మనిషే మారినట్టు. కాబట్టి పది దాటాక, నాలుగు లోపు మేము ఎవరమూ కాము. ఆ ఆరు గంటలూ లాబీలో, చేపల తొట్టి పక్కన, తొమ్మిది బ్యాగులతో విశ్రాంతి తీసుకునేవాళ్ళం. తడి తువ్వాళ్ళు సోఫా వీపు మీద ఆరేవి. ఒకరోజు పదైపోతోందని వదిన పొయ్యి మీది కుక్కర్‌ని అలాగే మోసుకొచ్చింది. అది మిగిలిన ఆవిరితో లాబీ నడిమధ్యన ఒక్క కూత కూసి సాటి సభ్యులందర్నీ లేపి నిలబెట్టింది.

నాలుగింటికి కౌంటర్ దగ్గరి అమ్మాయి మమ్మల్ని జన్మలో చూడనట్టు నవ్వి, చల్లటి పళ్ళరసం ఇచ్చి, సంతకానికి ఫారం ముందుకు జరిపేది. ‘గతంలో మా వద్ద బస చేశారా?’ అన్నచోట అన్నయ్య ‘ఈ ఉదయం వరకు’ అని రాసేవాడు. ‘ఎక్కడి నుంచి వస్తున్నారు?’ అన్నచోట ‘సోఫా’ అని రాయబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను.

“ఇల్లు కొనుక్కున్నవాడికి ఒకటే ఇల్లు. సభ్యత్వం ఉన్నవాడికి లోకమంతా ఇల్లే!” అని అన్నయ్య లాబీలో ఉపన్యసించాడు. అప్పటికి మాకు ఏ ఇల్లూ లేదు.

“ముందు ఆ లోకంలో బాత్రూం ఎక్కడుందో కనుక్కోండి,” అంది వదిన.

నాన్నగారి కోరిక ఒక్కటే. ఆయన బ్యాగులో బట్టల మధ్య చిన్న దేవుడి పటం ఉంది, పోయిన మా అమ్మ పూజించుకున్నది. దాన్ని ఏదో ఒక అరలో నిలబెట్టి, పొద్దున్నే దండం పెట్టుకోవాలి. గది మారినప్పుడల్లా అడిగేవారు, “పటం తియ్యనా రా?”

“మళ్ళీ ఖాళీ చెయ్యాల్సిందేగా నాన్నా. సరస్సు గదిలో పెడుదువుగాని,” అనేవాడు అన్నయ్య.

నేను దేవుడికి దండం పెట్టందే కాఫీ ముట్టను. గది కాస్త ముందుగా ఇప్పించమని ఆ రోజుల్లో గట్టిగానే మొక్కాను. ఆయనకి కూడా నాలుగింటి వరకు ఖాళీ లేనట్టుంది.

ఇన్ని మార్పుల్లో తడబడని సభ్యులు నాన్నగారొక్కరే. ఆయన బ్యాగు ఐదు నిమిషాల్లో సిద్ధం. తొమ్మిదిన్నరకే లాబీలో, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. “నాన్నని చూసి నేర్చుకోండి!” అని అన్నయ్య మా ఆడవాళ్ళకు పాఠం చెప్పాడు.

ఐదో రోజు ఆ కౌంటర్ అమ్మాయికి కూడా ముచ్చటేసింది.

“మీకు విసుగు రాదా తాతగారూ?”

“అలవాటేనమ్మా. ఇంటిదగ్గర కూడా నాది ఇదే పద్ధతి. మూడు నెలలు పెద్దవాడి దగ్గర, మూడు నెలలు చిన్నవాడి దగ్గర.”

“గది ఏ టైపండీ?” అలవాటు కొద్దీ అడిగింది పాపం.

“పెద్దవాడి దగ్గర బాల్కనీ. చిన్నవాడి దగ్గర హాలు.”

“ఖాళీ చెయ్యడం?”

“పదింటికే. పెద్దకోడలు ఆఫీసుకి బయల్దేరేలోగా, చిన్నకోడలి ట్యూషన్ పిల్లలు వచ్చేలోగా.”

ఆ అమ్మాయి మొదటిసారి నవ్వడం మర్చిపోయింది. అన్నయ్య చార్టు తీసి పరీక్షగా చూడసాగాడు. నేను తొట్టిలో చేపల్ని లెక్కపెట్టాను. పదకొండు ఉన్నాయి.

సరస్సు గది నిజంగానే బాగుంది. మర్నాడు పొద్దున్నే బయల్దేరాలి కనక తొమ్మిది బ్యాగులూ విప్పకుండా కిటికీకి అడ్డంగా పేర్చాం. పటం అడుగు బ్యాగులో ఉండిపోయింది.

తిరిగొచ్చిన రోజు ఒకటో తారీఖు. నేనూ మా ఆవిడా తెల్లవారుజాము బస్సుకి ముందే ఇల్లు చేరాం. అన్నయ్య వంతు పూర్తయి నా వంతు మొదలు. పదకొండింటికి కారు మా గుమ్మం ముందు ఆపి, నాన్నగారిని, బ్యాగుని దించి, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. మా ఆవిడ అప్పటికే హాల్లో సెలవుల ట్యూషన్ మొదలెట్టేసింది. పిల్లలు వెళ్ళేది నాలుగింటికి. అంతదాకా అక్కడ మంచం వెయ్యడానికి లేదు. నాన్నగారికి ఎవరూ చెప్పనక్కర్లేదు, తనే వరండాలో కుర్చీ లాక్కుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

“మీ దేవుడి గదిలో పటం పెట్టుకోనా రా?”

“అక్కడ చోటు లేదు నాన్నా. అయినా మూడు నెలలేగా,” అన్నాను.

మాట కాస్త కటువుగా వచ్చిందేమో అనిపించి, నవ్వు మొహంతో గ్లాసు నిండా చల్లటి పళ్ళరసం తెచ్చి ఇచ్చాను. నాన్నగారు గ్లాసు అందుకుని, జేబులోంచి పెన్ను తీసి అడిగారు.

“సంతకం ఎక్కడ పెట్టాలి రా?”