పదిహేడు సీసాల పరామర్శ

అయ్యలారా, అమ్మలారా! పరిమళ తైలాలను మించిన సంఘసేవ ఈ భూమ్మీద మరొకటి లేదని ఘంటాపథంగా చెప్తున్నాను. నవ్వకండి! ముప్ఫై నాలుగేళ్లు ఇక్కడి పెప్పర్‌మింట్ బట్టీలో పనిచేసినవాణ్ణి. ఆగస్టులో కోసిన ఆ పుదీనా జాతి ఆకును బండితొట్లలో కుక్కి, ఆవిరి పట్టించి, నీళ్ల మీద తేలిన నూనెను పీపాలకెత్తినవాణ్ణి. రిటైరై నాలుగేళ్లయినా నా చొక్కాలు ఇంకా ఆ వాసనే కొడుతున్నాయి.

ఐడహోలో మా ఊరి చుట్టూ కనిపించేవి రెండే పంటలు: బంగాళాదుంపలు, పెప్పర్‌మింట్. ఒకటి కడుపుకి, ఒకటి ముక్కుకి. కాలం మారింది, ముక్కు గెలిచింది. మంచిదే కదా?

పాత రోజుల్లో ఎంత అనాగరికంగా బతికామో! ఎవరైనా మంచాన పడితే చాలు, ఎవరు ఏ రోజు వండి తేవాలో చర్చి ఆడవాళ్లు లిస్టు రాసేసేవారు. రోజుకొకరు చీజు వేసి కాల్చిన దుంపలు పొగలు కక్కుతుండగా పట్టుకొచ్చేవారు. గాజు గిన్నె అడుగున టేపు ముక్క మీద పేరు. ఆ గిన్నె కడిగి తిరిగివ్వాలి, అదీ ఖాళీగా కాదు. కనీసం నాలుగు బిస్కెట్లయినా పెట్టాలి. గిన్నె ఇవ్వడానికి వెళ్తే కూర్చోమంటారు, కూర్చుంటే కబుర్లు. ఒక్క కాలు విరిగితే రెండిళ్ల మధ్య ఏడాది పొడుగునా రాకపోకలు! ఎంత టైము దండగ!

మొన్న జనవరిలో ఉత్తరాల డబ్బా దాకా వెళ్తూ మంచు మీద జారి నేనూ కాలు విరగ్గొట్టుకున్నాను. ప్రగతి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. తొమ్మిది రోజుల్లో పదిహేడు మంది వచ్చారు, పదిహేడు సీసాలిచ్చారు. మంచు బూట్లయినా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "అరికాలికి రెండు చుక్కలు, బ్రదర్!" అని తుర్రుమన్నారు.

నిద్రకి లావెండర్. లేని దగ్గుకి నీలగిరి. ఎముక అతకడానికి సాంబ్రాణి. పంటినొప్పికి లవంగ నూనె. నా పళ్లు గ్లాసులో ఉంటాయి, గ్లాసులో వేయాలేమో! దిగులుకి నిమ్మగడ్డి. నాకు దిగులుందని వీళ్లకెవరు చెప్పారండీ?

పెప్పర్‌మింట్ కూడా వచ్చింది. ఎక్కడో పేరు తెలియని కొండల్లో మునులు కోసిన ఆకట. మూత తీయగానే నా ముక్కు పోల్చేసింది, అది మా కాలవగట్టు పొలం సరుకే. నేను మోసిన నూనె ఊళ్లన్నీ తిరిగి నన్ను పలకరించడానికి వచ్చిందంటే ఎంత విశ్వాసం!

ఇక అర్విల్లా గురించి చెప్పాలి. మా వెనక వీధిలో ఉంటుంది, నాలాగే ఒంటరిది. నా భార్య నాడీన్ పోయినప్పుడు ఆవిడ తెచ్చిన దుంపల రుచి ఈ ఏడేళ్లలో నాకెక్కడా తగల్లేదు. ఆవిడ వస్తానని ఫోన్ చేస్తే తల దువ్వుకుని మరీ కూర్చున్నాను. సీసాతో పాటు తెల్లటి యంత్రమొకటి తెచ్చింది. నీళ్లు పోసి చుక్కలు వేస్తే పొగ ఊదుతుంది.

"ఓరిన్ గారూ, ఇది ఊదుతుంటే పక్కన మనిషి ఉన్నట్టే ఉంటుంది!" అంది. సీసాలు పట్టుకుని ఇంకా తొమ్మిదిళ్లు తిరగాలని వెళ్లిపోయింది.

ఆవిడన్నది నిజమే! దాంతో మాట్లాడి కూడా చూశాను. ఏం చెప్పినా "పుస్స్" అనేది. బట్టీలో మా పాత మేస్త్రీ అంతకంటే ఎక్కువేం మాట్లాడేవాడు కాదు.

పదో రోజు డబ్బా సూపు తాగుతుంటే నాకో శాస్త్రీయమైన ఆలోచన వచ్చింది. అందులో సగం యంత్రంలో పోశాను. ఉల్లిపాయ సూపు! అయిదు నిమిషాలు ఇల్లంతా ఆదివారం వంటింటిలా ఘుమఘుమలాడింది. ఆరో నిమిషంలో యంత్రం గురక పెట్టి చచ్చిపోయింది. అర్విల్లాకి ఫోన్ చేయక తప్పలేదు.

వచ్చి యంత్రాన్ని తిరగేసింది. గోధుమరంగు నీళ్లు కారాయి.

"ఇందులో ఏం పోశారు?"

"ఉల్లిపాయ సూపు."

"మతి పోయిందా? ఎందుకు?"

"దుంపల వాసన నూనె ఎవరూ తెచ్చివ్వలేదు మరి."

ఆవిడ వంటింట్లోకి తొంగి చూసింది. ఖాళీ డబ్బాలు గుట్టగా పడున్నాయి.

"నువ్వు ఇంట్లో వండిన తిండి మొహం చూసి ఎన్నాళ్లయింది? తిండికి లిస్టు రాయలేదా ఎవరూ?"

"సీసాలకి రాశారు."

"నా బుద్ధి మండ! నేనూ సీసానే తెచ్చాను కదూ" అంటూ బూట్లు విప్పి పక్కన పెట్టింది. పదిహేడు మందిలో బూట్లు విప్పింది ఈవిడొక్కతే!

నా వంటింటి మూలనున్న దుంపలు ఆ పూటకి వండేందుకు చెక్కుతూ తలెత్తకుండా అంది: "సీసా చేతిలో ఉంటే తొమ్మిదిళ్ల వాళ్లు తలుపు తీస్తారు, ఓరిన్. ఊరికే వెళ్తే ఏం పనని అడుగుతారు. మా ఇంటికా, ఎవరూ రారు."

నేనూ ఒక దుంప అందుకుని చెక్కడం మొదలుపెట్టాను.

మర్నాడు ఆవిడ గాజు గిన్నె నిండా దుంపలు కాల్చి తెచ్చింది, అడుగున టేపు మీద పేరుతో సహా. ఇప్పుడు నా కాలు అతికింది. సాంబ్రాణి మహిమేనని ఊరంతా అంటోంది, నేను కాదనడం లేదు. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు కనుక వంట మొదలుపెట్టాను. మూడుసార్లు మాడింది. మాడు వాసన పోవడానికి లావెండర్ రెండు చుక్కలు వేశాను. చూశారా, తైలాలు మహోపకారులని మొదటే చెప్పానా లేదా?

నాలుగోసారి బాగానే కుదిరింది. కాకపోతే నాడీన్ గిన్నెలో వండి, అడుగున టేపు అంటించి, దాని మీద నా పేరు రాశాను. ఇవాళ అర్విల్లా ఇంటికి పట్టుకెళ్తున్నాను. ఆవిడ గిన్నె మాత్రం ఇంకా నా అలమరలోనే ఉంది.